నల్లమందు ముద్ద దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

నల్లమందు నుంచి మార్ఫిన్ అనే నొప్పి మందును మొదట వేరుచేసిన జర్మన్ ఫార్మసిస్టు సెర్ట్యూర్నర్ జీవితం మీద నువ్వు పంపిన పేజీలన్నీ చదివాను. పాడర్‌బోర్న్ మందుల దుకాణంలో పదహారేళ్లకే పనికి కుదిరిన కుర్రాడి ఘట్టం బాగుంది. కానీ ఆ వెంటనే ఇలా రాశావు: "ఎన్నో ప్రయోగాల అనంతరం ఆయన మార్ఫిన్‌ను కనుగొన్నారు." చదవగానే ఒళ్లు మండింది. ఏమిటా ప్రయోగాలు? ఏ గిన్నెలో ఏం పోశాడు, ఏది చెడింది, ఎందుకు చెడింది? వంట గురించి రాస్తూ "తరువాత కూర తయారైంది" అన్నట్టుంది.

ఇది పత్రికలవాళ్లు నేర్పిన పాడలవాటు. శాస్త్రం మీద వ్యాసం పంపితే ముందు ప్రయోగానికే కత్తెర వేస్తారు, పాఠకుడికి బరువవుతుందట. బాల్యం, బీదరికం, బిరుదులు మాత్రం పదిలంగా అచ్చవుతాయి. సన్మానపత్రాలకు మన దగ్గర కొరత లేదు, నువ్వూ ఒకటి చేర్చకు.

గసగసాల పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు గట్టిపడితే నల్లమందు. అందులో మార్ఫిన్ పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. మిగతాది జిగురు, మెకోనిక్ ఆమ్లమని నల్లమందులో ఉండే ఒక ఆమ్లం, వేరే క్షారాలు. సరుకు సరుకుకీ బలం మారేది కాబట్టి ఒక ముద్దలో నొప్పికి చాలని మోతాదే ఇంకో ముద్దలో ప్రాణం మీదికి తెచ్చేది. మందుల దుకాణంలో పనిచేసే కుర్రాడికి ఈ చిక్కు రోజూ కళ్లెదుటిదే. నీ అధ్యాయం ఇక్కడ మొదలవ్వాలి.

అతను ముద్దను నీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ కషాయంలో అమోనియా పోశాడు. అడుక్కి మురికిరంగు పలుకులు దిగాయి. వాటిని కడిగి, పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, మళ్లీ అమోనియాతో దింపాడు. చివరికి వేడి ఆల్కహాల్‌లో కరిగించి చల్లారిస్తే స్ఫటికాలు వచ్చాయి. ఆమ్లంలో కరిగి, అమోనియా పడగానే బయటికొచ్చేస్తోందంటే ఆ పదార్థం క్షారమన్నమాట. మొక్కల సారం అనగానే అందరూ ఆమ్లాల కోసమే వెతికే రోజులవి. అతని గొప్పదనమంతా ఇక్కడుంటే నువ్వు ఒక్క ముక్కయినా రాయలేదు.

చెడేదీ ఇక్కడే. అమోనియా తక్కువైతే మార్ఫిన్ పూర్తిగా దిగదు, మరీ ఎక్కువైతే కొంత నీళ్లలోనే ఉండిపోతుంది. దిగినదాంట్లో నార్కొటిన్ అనే మరో నల్లమందు క్షారం కూడా కలిసుంటుంది. 1803లో పారిస్‌లో దెరోన్ అనే ఫార్మసిస్టు తీసిన "ఉప్పు"లో ఎక్కువ భాగం అదే. నార్కొటిన్ ఈథర్‌లో కరుగుతుంది, మార్ఫిన్ దాదాపు కరగదు. 1817లో ఫ్రెంచి రసాయనవేత్త రోబికే ఆ తేడా పట్టుకునే నార్కొటిన్‌ను విడదీశాడు. అతనికి ఒక పేరా ఇవ్వు. 1832లో అదే నల్లమందు నుంచి కొడీన్ అనే ఇంకో క్షారం తీసిందీ అతనే.

కనుగొన్న ఏడాది ఒక్కటే వేసి ఊరుకున్నావు. ట్రామ్స్‌డార్ఫ్ ఫార్మసీ పత్రికలో 1805లో ఉత్తరం, 1806లో వ్యాసం వచ్చాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1817లో గిల్బర్ట్ భౌతికశాస్త్ర పత్రికలో మళ్లీ రాశాక ఫ్రెంచి శాస్త్రవేత్త గే-లుసాక్ దాన్ని ఫ్రెంచిలో వేయించాడు, అప్పుడు యూరప్ కళ్లు తెరిచింది. మధ్యలో పోయిన పదకొండేళ్లే నీ కథకు వెన్నెముక. సంపాదకుల సంగతి మళ్లీ ఎత్తను, ఎత్తితే ఈ ఉత్తరం తెమలదు.

ఇక "ముగ్గురు మిత్రులతో కలిసి తనపై పరీక్షించుకున్నారు" అన్నావు. మిత్రులు కాదమ్మా, పదిహేడేళ్లు దాటని కుర్రాళ్లు. నలుగురూ తలా అర గ్రెయిన్, అంటే సుమారు 30 మిల్లీగ్రాములు, ఆల్కహాల్‌లో కరిగించి నీళ్లు కలుపుకుని తాగారు. ముఖాలు ఎర్రబడ్డాయి. అరగంటకు మరో అర గ్రెయిన్ వేసుకుంటే వికారం, తల దిమ్ము. పావుగంట తరవాత మూడోది, ఈసారి కరిగించకుండా పొడిగానే మింగారు. కడుపునొప్పి, నీరసం, స్పృహ తప్పేంత మత్తు వచ్చాయి. ముక్కాలు గంటలో ఒక్కొక్కరి ఒంట్లోకి 90 మిల్లీగ్రాములు పోయిందన్నమాట. సెర్ట్యూర్నర్ భయపడి ఘాటు వినెగర్ పట్టించి వాంతి చేయించాడు. ఈ అంకెలు వరసగా పెట్టు చాలు. "సాహసోపేతమైన" అన్న విశేషణం కొట్టెయ్.

చివరి అధ్యాయం పొడుగెక్కువైంది. ఫ్రెంచి పాలనలో 1809లో ఐన్‌బెక్ అనే జర్మన్ ఊళ్లో పెట్టుకున్న దుకాణం ఆ పాలన పోయాక చేజారింది, హామెల్న్ అనే మరో ఊరు చేరాడు, 1841లో పోయాడు. రెండు పేజీలు చాలు. 1831లో పారిస్ నుంచి వచ్చిన 2000 ఫ్రాంకుల బహుమతికి ఒక్క వాక్యం. ఆ ఏడాదే కలరా వ్యాపిస్తుంటే, తనంతట తాను పెరిగే సజీవమైన విషమే దానికి కారణమని వాదించాడు. అది మాత్రం విడిచిపెట్టకు.

పుస్తకం పేరు, ప్రచురణకర్తల సంగతి తరవాత చూద్దాం. ముందు అమోనియా పేజీ తిరగరాసి పంపు. మిగతావి ఇప్పుడే ముట్టుకోకు.