అల్లుడూ, ఆకును ఎండకు పట్టి చూడు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు రెండుసార్లు చూశాను. బత్తాయి చెట్లకు వైరస్ పట్టింది, పీకేయమంటావా అని అడిగావు. తొందరపడొద్దు. నాలుగేళ్లు నీళ్లు పోసి పెంచిన చెట్టును పసుపు రంగు చూసి పీకడం అన్యాయం. రంగు కాదు, ఆ రంగు ఆకు మీద ఎలా పరుచుకుందో చూడాలి.

ఈనెలు ఆకుపచ్చగానే ఉండి వాటి మధ్య మాత్రం పసుపు తేలి, నడిమి ఈనెకు రెండు పక్కలా ఒకేలా ఉంటే అది జింకు లోపం. జింక్ సల్ఫేట్ కొడితే వచ్చే చిగురు కోలుకుంటుంది. నీ ఫొటోల్లో చాలావరకు ఇదే.

రెండు చెట్ల దగ్గర మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. అక్కడ పసుపు అటొకలా ఇటొకలా ఉంది. ఆ ఆకు తెంచి, నడిమి ఈనెకు ఒక పక్క పెన్నుతో చిన్న సున్నా చుట్టు. సరిగ్గా ఎదురుగా రెండో పక్క ఇంకోటి చుట్టు. ఒక సున్నాలో పసుపు, ఇంకోదాంట్లో ఆకుపచ్చ కనిపిస్తే గ్రీనింగ్ అనే తెగులని అనుమానించాలి. చాలామంది దాన్నీ వైరస్ అనేస్తారు గానీ అది బ్యాక్టీరియా, సిల్లా పురుగు మోసుకొస్తుంది.

అసలు వైరస్‌లు మనకు ముఖ్యంగా రెండు. మొజాయిక్ అయితే ఆకు మీద మెరిసే పసుపు మచ్చలు, ముదురు ఆకుల్లో ఈనెల వెంబడి చుక్కలు. ఇది అంటు కట్టడానికి తెచ్చే పుల్లతోనే ఎక్కువగా వస్తుంది. నేనోసారి తల్లిచెట్టు చూడకుండా ఒక నర్సరీలో అంట్లు తెచ్చి నాటాను. మచ్చలు బయటపడేసరికి మూడేళ్ల కష్టం మట్టిలో కలిసింది. ఆ బాధ నీకు వద్దు.

రెండోది ట్రిస్టెజా, పేనుబంక మోస్తుంది. పోర్చుగీసులో ఆ మాటకు దుఃఖం అని అర్థం. పుల్ల నారింజ వేరుమొక్క (అంటు కింద వేళ్ల కోసం వాడే మొక్క) మీద కట్టిన చెట్లు బ్రెజిల్‌లో లక్షలకు లక్షలు దీనితో ఎండిపోయాయి. రంగపూర్ నిమ్మ వేరుమొక్క మీద కట్టిన బత్తాయిలో ఇది పైకి కనిపించకుండా దాక్కోగలదు. మనం తినే మామూలు నిమ్మ మాత్రం దాచదు. అందుకే అనుమానమున్న చెట్టు మొగ్గను కుండీలోని నిమ్మ మొక్కకు అంటు కట్టు. రెండు మూడు నెలల్లో విచ్చుకున్న లేత ఆకును ఎండకు పట్టి చూడు. ఈనెల్లో తెగిన దారంలా తెల్లటి చిన్న గీతలు మెరిస్తే వైరస్ ఉన్నట్టే. నిమ్మ కొమ్మ బెరడు ఒలిస్తే కర్ర మీద సూదితో పొడిచినట్టు గుంటలు కూడా తగలొచ్చు.

చివరి మాట ల్యాబుదే. చెట్టంతా వైరస్ ఒకేలా ఉండదు, కాబట్టి నాలుగు దిక్కుల నుంచీ ఆకులు కోసి, కవర్లో వేసి, ఐసు పెట్టెలో తిరుపతి నిమ్మజాతి పరిశోధన స్థానానికి తీసుకెళ్లు. ముందుగా ఫోన్ చేసి, ఏ పరీక్షకు ఎన్ని ఆకులు కావాలో అడుగు.

వైరస్‌కు మందు లేదు. ఎవరైనా డబ్బా చూపించి పోతుందంటే కొనొద్దు. ఆ రెండు చెట్లకు ఎర్ర గుడ్డ కట్టు, ఫలితం వచ్చేదాకా వాటి పుల్ల ఎవరడిగినా ఇవ్వకు. ఆదివారం నేనే వస్తాను, నిమ్మ మొక్కలు రెండు తెస్తున్నాను.

మీ మామ