కదలకుండా నిలబడిన పెంగ్విన్‌కు భయం లేనట్లేనా?

ప్రశ్న: కింగ్ పెంగ్విన్ల గుంపు పక్కనే మనుషులు నిలబడి ఉన్న ఫోటోలు చూశాను. అవి ఎందుకు పారిపోవు? అంత దగ్గరగా వెళ్లి చూస్తే వాటికి హాని ఉంటుందా?

జవాబు: కింగ్ పెంగ్విన్లు ఉండే దక్షిణ జార్జియా, క్రోజే, మక్వారీ వంటి దక్షిణ సముద్రపు దీవుల్లో నేల మీద వెంటాడి చంపే నక్కలు, తోడేళ్లు వంటి జంతువులు సహజంగా లేవు కనుక, నడిచి వచ్చే మనిషిని చూడగానే పరుగెత్తాలన్న తొందర ఈ పక్షులకు అలవడలేదు. ఒకప్పుడు మక్వారీ దీవిలో నూనె కోసం వాటిని వేలాదిగా పట్టి బాయిలర్లలో ఉడికించడం అంత సులువైపోయింది కూడా ఇందువల్లనే. తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

అయితే పారిపోనంత మాత్రాన అవి నిశ్చింతగా ఉన్నాయని అనుకోకూడదు. మనిషి దగ్గరికి వచ్చినప్పుడు, పైకి కదలని పక్షికి కూడా గుండె వేగం పెరుగుతుంది. కింగ్ పెంగ్విన్ గూడు కట్టదు. పెట్టిన ఒక్క గుడ్డునూ పాదాల మీద నిలుపుకొని, పొట్ట కింది చర్మపు మడతతో కప్పి, ఆడ, మగ పక్షులు వంతులవారీగా సుమారు 54 రోజులు పొదుగుతాయి. బెదిరిన పక్షి ఆ గుడ్డుతోనే మడమల మీద తడబడుతూ జరుగుతుంది, పక్క పక్షి ముక్కుకు అందేంత దగ్గరికి వెళ్లి పోట్లు తింటుంది, ఈ గందరగోళంలో గుడ్డు జారితే కాచుకొని ఉన్న స్కువా పక్షి ఎత్తుకుపోతుంది. ఈకలు రాల్చే కాలంలో నీటిలోకి దిగలేక వారాల తరబడి పస్తుండే పక్షికైతే, మనవల్ల కలిగే ప్రతి అలజడీ ఒంట్లో దాచుకున్న కొవ్వును ఖర్చు చేయిస్తుంది.

అందుకే కనీసం 5 మీటర్ల దూరం పాటించాలని పర్యాటకులకు చెబుతారు. పొదిగే గుంపు దగ్గర ఇంకా ఎక్కువ దూరం ఉండటమే మంచిదని నా అభిప్రాయం. గోధుమరంగు నూగుతో ఉండే పిల్లలు కొన్నిసార్లు తామే నడిచి వస్తాయి. అప్పుడు చేయి చాచకుండా, కదలకుండా నిలబడి, వాటిని వాటి దారిన పోనివ్వాలి. 2023లో బర్డ్ ఫ్లూ దక్షిణ జార్జియాకు చేరింది కనుక బూట్లను శుభ్రం చేసుకోవడం, పక్షులు తిరిగే నేల మీద కూర్చోకపోవడం తప్పనిసరిగా పాటించండి.

ఈకలు సర్దుకుంటున్న పక్షి ఆ పని ఆపి, మీ కదలికనే గమనిస్తూ తల తిప్పుతుంటే, మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లారు. మెల్లగా వెనక్కి జరగండి.