ఇషాపూర్ రైఫిల్ విప్పి బిగించలేకపోతున్న పర్లాకిమిడి తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గ్రీన్ కార్డు మీద ఒహాయో వచ్చి పది నెలలయింది. తెలిసిన ఒక పెద్దాయన దగ్గర పాత ఇషాపూర్ 2ఏ1 రైఫిల్ కొన్నావు. శుభ్రం చేద్దామని మొత్తం విప్పావు. ఇప్పుడు బోల్టు, అదే తూటాని లోపలికి తోసి వెనకనుంచి మూసే కదిలే ముక్క, లోపలికి పోవడం లేదు, ఒక చిన్న స్ప్రింగు బల్ల మీద మిగిలిపోయింది. ఇదంతా రాసి, చివర "రాత్రి రెండయింది, అడగడానికి ఎవరూ లేరన్నా" అన్నావు. నాకు బోల్టు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

నేనిప్పుడు ఒడిశాలో, మా ఊరు గుణుపురంలో ఉన్నాను. అమ్మకి కంటి ఆపరేషన్ అయితే వచ్చాను. అరుగు మీద కూర్చుని ఫోన్లో రాస్తున్నాను కాబట్టి వరుస తప్పితే సర్దుకో.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. నీది గ్రీన్ కార్డు కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీదా, ఎఫ్1 చదువు వీసా మీదా ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నీ రూమ్మేట్ ఏ వీసా మీద ఉన్నాడో చూసుకో, అతని చేతికి ఇవ్వకు. మిగతాది తుపాకుల చట్టాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చదువుకో.

ఇక బోల్టు. ఇది అందరూ పడే ఇబ్బందే. ముందు మ్యాగజైన్, అదే తూటాలు నింపే పెట్టె, తీసెయ్. తూటా పెట్టే గది ఖాళీగా ఉందో లేదో కంటితో చూడు, వేలు పెట్టి కూడా చూడు. బోల్టు ముందుండే చిన్న ముక్క, అదే బోల్ట్ హెడ్, మరతో తిరుగుతుంది. దాన్ని చివరిదాకా తిప్పి, బోల్టు పక్కన పొడుగ్గా ఉన్న గట్టుకి వరుసలో ఉంచి వెనకనుంచి దూర్చు. లోపలికి వచ్చాక హెడ్‌ని కుడివైపు కిందికి వంచి, అంచున ఉన్న స్ప్రింగు పట్టీ మీదికి బొటనవేలితో నొక్కితే టక్కున కూర్చుంటుంది. బలవంతం అక్కర్లేదు. సుత్తి దగ్గరికి చెయ్యి పోయిందంటే ఎక్కడో తప్పు చేస్తున్నావని అర్థం. బోల్టు పిడి మీది నంబరూ, రైఫిల్ ఒంటి మీది నంబరూ ఒకటే ఉండాలి. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఏ రైఫిల్ బోల్టుని ఆ రైఫిల్‌కే సరిపెట్టి చేస్తారు. వేరేది పెడితే తూటా వెనక సందు మిగిలి, పేల్చినప్పుడు ఇత్తడి గుల్ల చీలి వేడి గ్యాసు ముఖం మీదికి రావచ్చు. నంబర్లు కలవకపోతే ఆ సందుని కొలిచే హెడ్‌స్పేస్ గేజ్ ఉన్న గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, చూపించకుండా ఒక్క తూటా కూడా పేల్చకు.

స్ప్రింగు గురించి చెప్పాలంటే నా కథ చెప్పాలి.

నేను 1999లో హెచ్1బీ మీద డాలస్ వచ్చాను. 2005లో గ్రీన్ కార్డు వచ్చింది. ఆ మరుసటి ఏడాది మా ఆవిడ పురిటికి గుణుపురం వెళ్లింది, నేను అయిదు నెలలు ఒక్కడినే. శనివారం తెల్లారితే సోమవారం దాకా మాట్లాడటానికి మనిషి లేడు. ఒకరోజు పాత సామాను అమ్మే దుకాణంలో గోడకి ఆనించిన రైఫిల్ కనిపించింది. మెడ దగ్గర ఆర్.ఎఫ్.ఐ. అనీ, 1967 అనీ ముద్ర. రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్, మన బెంగాల్‌లోది. చిన్నప్పుడు మా ఊరి పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీ భుజాన వేలాడే త్రీనాట్‌త్రీ లాగే ఉంది. అది త్రీనాట్‌త్రీ కాదని తర్వాత తెలిసింది. 1962 చైనా యుద్ధం తర్వాత మనవాళ్లు అదే పాత బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ నమూనాని 7.62 నాటో తూటాకి మార్చి చేసిన రైఫిల్ అది. మ్యాగజైన్‌లో పదికి బదులు పన్నెండు పడతాయి, గురి చూసే సైటు మీద 800 మీటర్ల దాకా గుర్తులుంటాయి. ఆ రోజు నాకు ఇవేవీ అక్కర్లేదు. మన దేశంలో పుట్టి సముద్రం దాటి వచ్చి అక్కడ నిలబడి ఉంది, అంతే. కొనేశాను.

ఆ రాత్రే విప్పడం మొదలుపెట్టాను. మా నాన్న డీజిల్ ఇంజన్లు బాగుచేసేవారు. గుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరుసలోనే పెట్టేవారు. పక్కన లాంతరు పట్టుకుని నేను నిలబడేవాణ్ణి. అవన్నీ తెలిసి కూడా నేను గుడ్డ పరవలేదు. కార్పెట్ మీద కూర్చుని, పొడుగు స్క్రూడ్రైవర్‌తో బట్, అంటే భుజానికి ఆనే వెనక చెక్క, లోపలి బిగింపు బోల్టు ముందు తిప్పాను. ఈ జాతి రైఫిల్‌లో చెయ్యకూడని పని అదే. ఆ బోల్టు కొస చతురస్రంగా ఉండి, బ్యారెల్ గొట్టం కింది ముందు చెక్క వెనక ఉన్న రేకులో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క తియ్యకుండా దాన్ని తిప్పితే ఆ చెక్క చీలిపోతుంది. నాకు పటుక్కున వినిపించింది. ఇరవై ఏళ్లు కావస్తోంది, ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

కాబట్టి విప్పేటప్పుడు ముందు చెక్క మొదట, బట్ తర్వాత. బిగించేటప్పుడు బట్ మొదట, ముందు చెక్క తర్వాత. నువ్వు బట్ బోల్టు ముట్టుకోకపోతే బతికావు. ముట్టుకుని ఉంటే చెక్క వెనక అంచుల్లో పగులు ఉందేమో వెలుతురులో పెట్టి చూడు.

బల్ల మీద మిగిలిన స్ప్రింగు బహుశా ముందు చెక్క మూతి దగ్గరిది. అక్కడ బ్యారెల్ కింద ఒక చిన్న గుబ్బ, దాని కింద స్ప్రింగు ఉంటాయి. అవి బ్యారెల్‌ని మెల్లగా పైకి నెట్టి పడతాయి. గురి నిలకడగా ఉండటానికి అదీ ఒక కారణం. చెక్క తియ్యగానే రాలి పడతాయి, బిగించేటప్పుడు మర్చిపోతాం. గుబ్బ కూడా నీ దగ్గరే ఉందో లేదో వెతుకు. నాది కార్పెట్‌లో పోయింది, తెల్లవారుజామున మూడింటిదాకా టార్చి వేసుకుని వెతికాను. చెక్క మధ్యలో బ్యారెల్‌ని పట్టే స్క్రూకి కూడా విడిగా ఒక స్ప్రింగు, వాషరు ఉంటాయి. ట్రిగ్గర్ గార్డ్ ముందు స్క్రూ దగ్గర చిన్న గొట్టం లాంటి ముక్క ఉంటుంది, అది లేకుండా బిగిస్తే చెక్క నలిగిపోతుంది. ఇవన్నీ ఉన్నాయని చూసుకున్నాకే చెక్క ఎక్కించు. అసలు మామూలు శుభ్రానికి ఆ చెక్క తియ్యనే అక్కర్లేదు. బోల్టు, మ్యాగజైన్ తీసి వెనకనుంచి బ్యారెల్ తుడిస్తే చాలు. మీ తరం వీడియో చూసి ఆఖరి స్క్రూ దాకా పోతారు. నేనిప్పుడు చీకట్లో కూడా బిగించగలను, అయినా ఏళ్ల తరబడి ఆ చెక్క తియ్యలేదు.

ఆ తెల్లవారుజామున దిక్కుతోచక అమ్మకి ఫోన్ చేశాను, ఇక్కడ మధ్యాహ్నం. తుపాకీ అన్న మాట వినగానే ఆవిడ ఏడుపు. "ఏటి నాన్నా, నీకేటి కర్మ" అంది. ఆవిడ తప్పు లేదు. మన వైపు తుపాకీ అంటే పోలీసు చేతిలోది, లేకపోతే అడవిలోది. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్‌లో పోలీసుల ఆయుధాగారాన్ని మావోయిస్టులు దోచుకున్న సంగతి అప్పటికి ఇంటింటా చెప్పుకునేవారు. అందుకే చెబుతున్నాను, నీ బల్ల మీది ముక్కల ఫోటో పర్లాకిమిడిలో ఇంటివాళ్లకి పంపకు.

తమ్ముడూ, నిన్ను నేను అడగాల్సింది వేరే ఉంది. రాత్రి రెండింటికి ఒక్కడివే రైఫిల్ ముందు ఎందుకు కూర్చున్నావు? నేను కూర్చుంది శుభ్రం కోసం కాదని నాకు ఇప్పుడు తెలుసు. ఇక్కడ గుణుపురంలో స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ. ఏ భాషలో పిలిచినా ఎవరో ఒకరు పలికేవారు. అక్కడ మూడో భాషలో పదేళ్లు మాట్లాడినా పలికేవాడు దొరకడు, మనమే వెళ్లి తలుపు కొట్టాలి. నేను ఆ చీలిన చెక్క పట్టుకుని ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. అక్కడ డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉండేవాడు. పగులుకి జిగురు పెట్టడం, చెక్కకి అవిసె నూనె పట్టించడం, గుబ్బ ఎక్కడ తెప్పించుకోవాలో, అన్నీ ఆయనే చెప్పాడు. తర్వాత ప్రతి శనివారం వెళ్లాను. నెల రోజులకి నా ముఖం చూసి ఆయనే అడిగాడు, "నీ ఇంట్లో ఎవరుంటారు?" అని. ఎవరూ లేరన్నాను. "అయితే మీ ఆవిడ వచ్చేదాకా బోల్టు నా దగ్గర ఉంచు" అన్నాడు. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. మూడు నెలలు నా రైఫిల్ బోల్టు ఆయన ఇంట్లో ఉంది.

నీ మనసు ఎలా ఉందో నువ్వు రాయలేదు. బాగుంటే సంతోషం. బాగోకపోతే ఆ బోల్టు ఇప్పుడే వేరే మనిషి దగ్గర పెట్టు, తూటాలు కూడా. అర్ధరాత్రి ఎవరూ లేరనిపిస్తే 988కి ఫోన్ చెయ్, మనసు బాగోనివాళ్లకీ, చచ్చిపోవాలనిపించేవాళ్లకీ అది సహాయ నంబరు, అమెరికాలో ఎక్కడినుంచైనా పగలూ రాత్రీ పలుకుతారు. సిగ్గుపడకు. రైఫిల్ నీకు అమ్మిన ఆ పెద్దాయన ఇల్లు కూడా దగ్గరే కదా, ముక్కలన్నీ డబ్బాలో వేసుకుని పగటిపూట వెళ్లు. ఇన్నాళ్లు వాడిన మనిషి, రెండు గంటలు నీతో కూర్చుని బిగించడానికి ఒప్పుకుంటాడు. వెళ్లేటప్పుడు తినడానికి ఏదైనా వండి పట్టుకెళ్లు.

నేను నెలాఖరుకి డాలస్ చేరతాను. ఈలోపు ఆదివారం నీకు ఉదయం పది, మాకు ఇక్కడ సాయంత్రం, అప్పుడు వీడియోలో కనిపించు. గుడ్డ పరిచి ముక్కలు వరుసగా పెట్టి ఉంచు. బోల్టు మీది నంబరు నాకు చదివి వినిపించాకే స్క్రూడ్రైవర్ పట్టుకో.