హకురో నిషికి విల్లోకి కావలసింది ఎరువు కాదు, కోత

"న్యూజెర్సీలో మా ఇంటి ముందు హకురో నిషికి విల్లో పొద పెట్టి మూడేళ్ళయింది. మొదట్లో ఆకులు గులాబీ, తెలుపు కలిసి పూలగుత్తుల్లా ఉండేవి. ఇప్పుడన్నీ మామూలు పచ్చాకులే. ఏ ఎరువు వెయ్యాలి?" అని అడిగారు.

ఏ ఎరువూ వద్దండి. ఇప్పటికే కొనేసి ఉంటే టమాటాలకు వేసుకోండి. మీ పొదను మొదలు దాకా ఎప్పుడైనా కొట్టారా? కొసలు దిద్దడం లెక్కలోకి రాదు. ఈ సంగతి నాకు మా నాన్న నేర్పాడు. అప్పటికి ఆయన ఈ చెట్టును కన్నెత్తి చూసింది లేదు.

మాది హిందూపురం దగ్గర పల్లె. నాన్న జీవితమంతా మల్బరీ తోట చేశాడు, పట్టుపురుగులు మేపాడు. నేను ఇక్కడ న్యూజెర్సీలోనే ఎడిసన్ దగ్గర ఇల్లు కొన్న ఏడాది, 2018 మే నెలలో, నర్సరీలో ఈ మొక్క చూసి కాళ్ళు కదల్లేదు. లేత కొసలు గులాబీ రంగు, వాటి కింది ఆకులు పాలతెలుపు, ఇంకా కిందికి వస్తే తెలుపు మీద ఆకుపచ్చ చుక్కలు. నాలుగడుగులు మించదని నర్సరీవాళ్ళు చెబితే నమ్మి కిటికీ కింద నాటాను. నాలుగో ఏటికి అది నా తల దాటి కిటికీ మూసేసింది. ఈ పొద ఆరడుగులు తేలిగ్గా పెరుగుతుంది. కుండీకి తగిలించిన చీటీ మీది ఎత్తును నమ్మి గోడ పక్కన ఏ మొక్కా పెట్టకండి. లోపలంతా ముదురు కట్టె, ఎండు పుల్లలు. రంగు పైన ఎక్కడో నాలుగు కొసలకు. ఏటా చిన్న కత్తెరతో ఆ కొసలు దిద్దుతూ, బాగా చూసుకుంటున్నాననే అనుకున్నాను.

2022 ఫిబ్రవరిలో అమ్మా నాన్నా వచ్చారు. మార్చి మొదటి వారం, ఎండ ఉన్నా చలి కొరుకుతున్న రోజు, నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, మా ఆయన జాకెట్ వేసుకుని పొద ముందు చాలాసేపు నిలబడ్డాడు. చలికాలంలో దీని లేత కొమ్మలు ఎర్రగా ఉంటాయి. ఒకదాన్ని గోటితో గీకాడు. ఎర్ర తొక్క కింద పచ్చగా, తడిగా ఉంది.

"జీవం బాగుందే. దీన్ని ఎప్పుడన్నా కొట్టినావామ్మా?"

లేదన్నాను.

"మల్బరీ కొట్టకుంటే ఆకు యాడ్నుంచి వస్తాది?" అన్నాడు, అంతే.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పొద లేదు. నేలకు జానెడు ఎత్తున పదిహేను ఇరవై మొదళ్ళు మాత్రం ఉన్నాయి. ప్రతి కోతా కన్నుకు, అంటే చిగురు వచ్చే చోటికి, కాస్త పైన, ఏటవాలుగా, నున్నగా ఉంది. కొట్టిన కొమ్మలన్నీ సర్ది, పురికొసతో మూడు మోపులు కట్టి గరాజ్ గోడకు ఆనించాడు. నాకు ఏడుపొచ్చింది. నాలుగేళ్ళు పెంచుకున్నదాన్ని అడక్కుండా ఎట్లా కొడతావని అరిచాను. ఆ రాత్రి నాన్న అన్నం సగంలో లేచిపోయాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఏప్రిల్‌లో ఆ మొదళ్ళ చుట్టూ బియ్యపు గింజలంత ఎర్రటి మొగ్గలు లేచాయి. మే నడిమికి మూరెడేసి కొమ్మలు. అంత రంగు ఆ నాలుగేళ్ళలో నేను చూడలేదు. నడకకు వెళ్ళేవాళ్ళు ఆగి ఇవేం పూలని అడుగుతుంటే, నాన్న ఒక కొమ్మ వంచి చూపించి "లీఫ్, లీఫ్" అనేవాడు.

కారణం ఇంతే: రంగు కొత్త చిగురుకే వస్తుంది. పాత కొమ్మ నాలుగు పొట్టి చిగుళ్ళు వేసి ఊరుకుంటుంది. మొదలు కొట్టిన పొద వేరులో దాచుకున్న బలమంతా కొత్త కొమ్మల్లోకి పంపుతుంది. అందుకే చలికాలం చివర, మొగ్గ విచ్చకముందే కొట్టెయ్యాలి. మీ పొదకు మూడేళ్ళు నిండాయి కాబట్టి నిక్షేపంగా తట్టుకుంటుంది. మరీ భయమైతే ఏటా మూడో వంతు ముసలి కొమ్మలు మొదటికంటా తీసేయమంటారు కొందరు. నాకు ఆ సగం పని నచ్చదు. జులై వేడికి ఆకులు ఎలాగూ పచ్చబడతాయి, అది జబ్బు కాదు. జూన్‌లో పైపైన ఒకసారి కోస్తే మళ్ళీ కొంత గులాబీ చూస్తారు. ఒక్క తెల్ల చుక్క కూడా లేకుండా జోరుగా లేచే పచ్చ కొమ్మ కనిపిస్తే మాత్రం దాన్ని మొదట్లోనే తీసేయండి, లేకపోతే అదే పొదనంతా ఆక్రమిస్తుంది.

నీడలో పెట్టి రంగు రాలేదంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. పొద్దుటి ఎండ బాగా తగలాలి. విల్లో నీటి చెట్టు, వేరు తడిగా ఉండాలి. తడి చాలక మధ్యాహ్నపు ఎండ పడితే ఆకు అంచులు మాడతాయి. మా ఎడిసన్ వైపు ఎర్ర బంకమన్ను తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి సరిపోయింది. రోజూ పది నిమిషాల స్ప్రింక్లర్ పైమట్టిని తడిపి పోతుంది. వారానికి రెండుసార్లు మొదట్లో నిండా పెట్టండి. మురుగు పైపులకు మాత్రం దూరంగా ఉంచాలి, ఈ వేళ్ళు నీళ్ళ వాసన పట్టి పోతాయి. ఇక లాన్ కోసేవాళ్ళను ఈ పొద దగ్గరకు రానివ్వకండి. మెషీన్ పెట్టి బంతిలా గుండ్రంగా చెక్కి పోతారు. ఆ బంతి లోపల మిగిలేది ఎండు పుల్లలే.

జూన్ చివర జపనీస్ బీటిల్స్ అనే ఆకులు తినే పెంకుపురుగులు వస్తాయి. ఈ దేశంలో అవి మొదట కనిపించింది 1916లో, మన న్యూజెర్సీలోని రివర్టన్ దగ్గరే. పొద్దున్నే చలికి మందంగా ఉన్నప్పుడు సబ్బునీళ్ళ డబ్బాలోకి దులిపెయ్యండి. నాన్న రోజూ కాఫీకి ముందు ఆ పని చేసేవాడు. మందు కొట్టనివ్వలేదు. మల్బరీకి మందు తగిలితే పట్టుపురుగు చచ్చిపోతుందన్న భయం ఆయన ఒంట్లోనే ఉంది.

మీ ప్రశ్నకు సంబంధం లేకపోయినా ఒక మాట. అమ్మానాన్నలు ఇక్కడికి వస్తే మనం నయాగరా చూపిస్తాం, గుడికి తీసుకెళ్తాం, ఆ పైన టీవీ ముందు కూర్చోబెట్టి ఆఫీసుకు పోతాం. "పాపం, వాళ్ళకు తోచదు" అంటాం. తోచకపోవడమేంటి! నేల చూస్తే వాళ్ళ చేతులు ఊరుకోవు. పెరట్లో ఒక మూల వాళ్ళకు వదిలెయ్యండి, ఏం చేస్తారని ప్రతిదానికీ అడ్డు చెప్పకండి.

ఒకరోజు పేరుకు అర్థం చూసి నాన్నకు చెప్పాను. జపాన్ భాషలో హకురో అంటే తెల్లని మంచుబిందువు, నిషికి అంటే రంగురంగుల బుట్టాలు నేసిన పట్టుగుడ్డ. నాన్న లేత కొమ్మను అరచేతిలో పరిచి చూసి, "ధర్మవరం చీర అంచు మాదిరే ఉంది. పేరు పెట్టినోనికి మగ్గం తెలుసు" అన్నాడు.

ఇంకో పొద కొనాలనుకుంటే ఆగండి. ఆ రోజు పొద కొట్టి కట్టిన మోపుల్లోంచి నాన్న నాటడానికి పన్నెండు ముక్కలు కోశాడు. జానెడు ముక్క, మూడు నాలుగు కళ్ళు, సగానికి పైగా మట్టిలోకి. కన్ను పైకి చూస్తుండాలి, తలకిందులైతే పని జరగదు. వేరు మందేమీ పెట్టలేదు, పదింటికి వేళ్ళొచ్చాయి. మిగిలిన పుల్లలు నానబెట్టిన నీళ్ళలో నేను మల్లె కొమ్మలు పెడితే నాలుగింట్లో మూడు నాటుకున్నాయి. ఆ నీళ్ళ మహిమేనని నా నమ్మకం.

ఇప్పుడు మాత్రం ఏమీ కొట్టకండి, మార్చి రానివ్వండి. ఏటా మొదటి వారంలోనే నేనూ కొడతాను. మోపులు కట్టి గరాజ్‌లో పెడతాను. ఎడిసన్ వైపు ఉంటే ఇక్కడే కామెంట్ పెట్టండి, ఒక మోపు తీసుకెళ్దురుగాని.