టైల్స్ కొనే ముందు చెప్పులు విప్పి నిలబడి చూడు

బిడ్డా,

దేవరకొండలో మీ ఇంటికి ప్లాస్టరింగ్ కూడా అయిపోయిందని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన టైల్స్ ఫొటోలు చూశాను. అన్నీ అద్దంలా మెరిసేవే. హాల్లో వేసుకుంటానంటే సరే. బాత్రూంకు, వాకిలికి కూడా అవే అంటే మాత్రం నేను ఒప్పుకోను.

నల్లగొండలో మా ఇల్లు కట్టినప్పుడు నేనూ షాపులో లైట్ల కింద చూసి మురిసిపోయాను. బాత్రూంలో కింద నున్నటి తెల్ల టైల్స్ వేయించాను. అప్పటికి ఇరవై ఏళ్లుగా టైల్స్ పని చేస్తున్నవాణ్ని, అయినా వేయించాను. మీ నాయనమ్మ సబ్బు నీళ్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. మళ్లీ కర్ర లేకుండా నడవలేదు. ఇప్పుడు మీ అత్తమ్మ కూడా నీ దగ్గరే ఉంటుంది కదా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

షాపుకు పోతే శాంపిల్ టైల్ కింద పెట్టించు. చెప్పులు విప్పు. గ్లాసెడు నీళ్లు పోయించి, తడి కాలితో దాని మీద నిలబడి మడమను మెల్లగా అటూ ఇటూ తిప్పు. ఏమీ మొహమాటపడకు. కాలు పట్టు దొరికితేనే తీసుకో. వేలితో రాస్తే సన్నటి ఇసుక తగిలినట్టు ఉంటే చాలు. మరీ గరుకైతే సందుల్లో మురికి పేరుకుంటుంది, రుద్ది రుద్ది నీ చేతులే నొస్తాయి. బాత్రూంలో కింద 12 అంగుళాల చదరం టైలే వేయించు. నీళ్లు జాలీ వైపు పోవాలంటే నేల వాలుగా ఉండాలి. పెద్ద టైల్‌తో ఆ వాలు సరిగ్గా రాదు, మూలల్లో నీళ్లు నిలుస్తాయి.

గోడ టైల్, నేల టైల్ వేరు. గోడది సిరామిక్. వంద గ్రాముల ముక్క పది గ్రాముల పైనే నీళ్లు తాగుతుంది. నేలకు వేసే విట్రిఫైడ్ అయితే అర గ్రాము కూడా తాగదు. టైల్‌ను వెనక్కి తిప్పి ఒక చుక్క నీళ్లు వేయి. చుక్క ఇంకిపోతే అది గోడకు, అట్లాగే నిలబడితే నేలకు. ధర తక్కువని గోడ టైల్‌ను కింద వేస్తే బిందె పడినా పగులుతుంది. విట్రిఫైడ్‌ను గోడకు వేయాలనుకుంటే వట్టి సిమెంట్‌తో అతికించనివ్వకు. అది నీళ్లు తాగదు కాబట్టి సిమెంట్ దానికి పట్టదు. టైల్ గమ్ తప్పనిసరి.

రంగు సంగతి. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువని నీకు తెలుసు. నల్లటివి, ముదురు నీలంవి బాత్రూం గోడకు వేస్తే నెల తిరిగేసరికి తెల్లటి మరకలు కడతాయి. వాటి కోసం యాసిడ్ పోస్తే సందుల్లోని సిమెంట్ తినేస్తుంది. లేత బూడిద రంగు, గోధుమ రంగు మంచివి. వంటింట్లో పొయ్యి వెనక టైల్స్ సందులు నింపడానికి సిమెంట్ బదులు ఎపాక్సీ గ్రౌట్ పెట్టించు. ఖర్చు ఎక్కువే, కానీ పసుపు, నూనె లోపలికి ఇంకవు.

లెక్క ఇట్లా వేసుకో. హాలు 12 అడుగులు, 15 అడుగులు అంటే 180 చదరపు అడుగులు. రెండడుగులవని అమ్మే (నిజానికి 60 సెంటీమీటర్ల) టైల్స్ నాలుగున్న పెట్టె సుమారు పదిహేనున్నర చదరపు అడుగులు వస్తుంది. కోతకు పది శాతం కలిపితే 13 పెట్టెలు. గోడ అడుగున పట్టీలా వేసే స్కర్టింగ్‌కు ఒకటి, రేపు ఏదైనా పగిలితే మార్చడానికి అటక మీద దాచేది ఒకటి. మొత్తం 15. అన్నీ ఒక్కసారే కొను, అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనేమో నువ్వే చదివి చూడు. గుజరాత్‌లోని మోర్బి నుంచి ఒకే డిజైన్ వచ్చినా బ్యాచ్ మారితే రంగు తేడా వస్తుంది. పరిచాక పగటి వెలుతురులో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

వాకిట్లోకి టైల్సే వద్దు. గరుకు తాండూరు బండలు వేయించు. వానకు జారవు, రోజూ ముగ్గు వేసుకోవచ్చు.

బాత్రూం నేల వేసే రోజు ముందుగా ఫోన్ చెయ్యి, పొద్దున బస్సుకే వస్తాను. బకెట్ నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పోతున్నాయో చూశాకే మేస్త్రికి డబ్బులు ఇద్దాం.

మీ పెదనాన్న