బ్లాక్ బెల్ట్ ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు. వారానికి రెండు రోజులు తైక్వాండో క్లాసుకు పోతున్నాడు. బ్లాక్ బెల్ట్ రావడానికి, పట్టు చిక్కడానికి ఎన్నాళ్లు పడుతుంది?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: బెల్ట్ గురించి టెన్షన్ వద్దమ్మా. మానకుండా చేస్తే మూడు నాలుగేళ్లు. తైక్వాండోకు ప్రధాన కేంద్రమైన సియోల్‌లోని కుక్కివోన్ నియమాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకిచ్చే బ్లాక్ బెల్ట్ స్థాయి పేరు ‘పూమ్’, ఆ పైన ‘డాన్’. మొదటి డాన్ నుంచి రెండోదానికి కనీసం ఏడాది, మూడోదానికి ఇంకో 2, నాలుగోదానికి మరో 3 ఏళ్లు. ఏడాదిలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అని ఫీజు కట్టించుకునేవాళ్లను నేను నమ్మను.

పట్టంటారా, రెండు రోజుల క్లాసుతో రాదు. మిద్దె మీద రోజూ అరగంట, అదే కిక్ రెండు కాళ్లతోనూ కొట్టాలి. ఎడమకాలిని ఎగ్గొట్టని పిల్లాడు నాకింతవరకు దొరకలేదు! ఎండాకాలం పొద్దున ఏడులోపే ముగించండి. అలిపిరి మెట్లెక్కిస్తే దమ్ము పెరుగుతుంది, కిక్ మాత్రం రాదు.