ఏసీ గ్యాస్ పుస్తకం అడగడం మర్చిపోకు

అమ్మలూ,

మీ యూనివర్సిటీ కర్బన లెక్కలు ఇకనుంచి నువ్వే చూస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేక రెండుసార్లు చెప్పించుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి నేను చేసిన పనే కదా, కాలు ఎక్కడ జారుతుందో నాకు తెలుసు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఉద్గారాలు లెక్కగట్టే పద్ధతి చెప్పే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ చదివే ఉంటావు: మన దగ్గర కాలేది, కారిపోయేది స్కోప్ 1, కొనే కరెంటు స్కోప్ 2, మిగిలిందంతా స్కోప్ 3. ఏయే భవనాలు లెక్కలోకి వస్తాయో మొదటిరోజే రాసిపెట్టుకో. 2020ని ఆధార సంవత్సరంగా తీసుకోకు. క్యాంపస్‌లు మూతబడిన ఆ ఏడాదితో పోలిస్తే ఏ ఏడాదైనా ఘోరంగానే కనబడుతుంది.

పైన 'కారిపోయేది' అన్నాను చూడు, నేను మరిచింది ఆ ఒక్క మాటే.

మొదటి ఏడాది డీజిల్ దగ్గర నన్ను మించినవాళ్లు లేరు. కొన్నది కాదు, కాలినది లెక్కపెట్టాలని ఏడాది మొదట్లో, చివర్లో ట్యాంకులో కర్ర పెట్టించి కొలిపించాను. లీటరుకు దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున ప్రతి జనరేటర్‌కీ వేశాను. నివేదిక అచ్చయింది, అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఏసీలు చూసే పెద్దాయన ఏదో పనిమీద వచ్చి, చేతిలో ఉన్న నలిగిన నోటుపుస్తకం నా బల్లమీద పెట్టాడు. ఏ మిషన్‌లో ఎప్పుడు ఎంత గ్యాస్ నింపాడో అందులో వరసగా రాసుకున్నాడు. ఊరికే తిరగేశాను. ఆ ఏడాది నింపిన ఆర్-410ఏ అనే ఏసీ గ్యాస్ (రిఫ్రిజిరెంట్) మొత్తం 40 కిలోలు. పాత మిషన్లలో అంత నింపాల్సి వచ్చిందంటే అంతా గాలిలో కలిసిపోయినట్టే. ఆ గ్యాస్ కిలో 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అంటే 83 టన్నుల పైమాటే. అంత రావాలంటే దాదాపు 31 వేల లీటర్ల డీజిల్ కాల్చాలి. మా జనరేటర్లన్నీ కలిపి అందులో సగం కూడా కాల్చలేదు.

"ముందే ఎందుకు చూపించలేదండీ?" అన్నాను. "ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు.

అక్కడితో ఆగితే అది పొరపాటు. తప్పు ఆ తర్వాత చేశాను. రెండో ఏడాది నివేదిక నాటికి ఉద్గారాలు తగ్గాయని పైవాళ్లు సభలో చెప్పేశారు. గ్యాస్ కలిపి రెండేళ్ల లెక్కా మళ్లీ వేస్తే ఆ తగ్గుదల ఉండదు. వచ్చే ఏడాది సరిచేద్దాంలే అని నాకు నేనే చెప్పుకుని సంతకం పెట్టాను. మూడో ఏడాది ఒక విద్యార్థిని నిండు సభలో లేచి, "రిఫ్రిజిరెంట్ లీకులు ఇందులో ఉన్నాయా మేడమ్?" అని అడిగింది. లేవని చెప్పడానికి నోరు పెగలడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు. ఆ వారమే కూర్చుని మూడేళ్ల అంకెలూ తిరగరాసి, ఎందుకు మారాయో మొదటి పేజీలోనే పెట్టాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ కారుతున్న ఆ జాయింట్లు రెండేళ్లపాటు అలాగే కారాయి. అంకె కాగితం మీద ఉంటే బాగుచేయడానికి డబ్బు అడిగేవాళ్లం. లేదు కాబట్టి అడగలేదు.

అందుకే నీ గురించి భయం. చిన్నప్పుడు లెక్క తప్పితే ఎవరూ చూడకముందే పేజీ చింపేసేదానివి. నీకు సాయం అడగడమంటే ఎప్పుడూ మొహమాటమే. ఇప్పుడలా కుదరదు తల్లీ. అంకె పెరిగితే పెరిగిందని రాయి. నువ్వు చూడని కాగితం మీద ఎంత పెద్దవాళ్లు చెప్పినా సంతకం పెట్టకు. కోపగించుకుంటే పెద్దమ్మ వద్దందని చెప్పు.

స్కోప్ 3లో కొనుగోళ్లను ఖర్చును బట్టి లెక్కేస్తే ధర పెరిగినప్పుడల్లా ఉద్గారాలూ పెరిగినట్టు చూపిస్తుంది, వాడకం ఏమీ మారకపోయినా. పెద్ద పద్దులకైనా బరువులు, సంఖ్యలు సంపాదించు. విమాన ప్రయాణాలకు టికెట్టు ధర కాదు, దూరం, ఏ తరగతిలో వెళ్లారన్నది కావాలి. కరెంటుకు గ్రిడ్ సగటుతో ఒకటి, మీరు కుదుర్చుకున్న ఒప్పందాల ప్రకారం ఒకటి, రెండు అంకెలూ పక్కపక్కనే చూపించు.

ల్యాబ్‌లకు వెళ్లినప్పుడు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు చూడు. నమూనాలకు ఇబ్బంది లేదని వాళ్లు ఒప్పుకుంటే మైనస్ 70కి మార్చమను, దాదాపు మూడో వంతు కరెంటు మిగులుతుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2015లో సహజవాయువుతో నడిచే పాత ప్లాంటును పక్కనపెట్టి, భవనాలను చల్లబరిచేటప్పుడు బయటికి పోయే వేడిని పట్టి మిగతా భవనాలకు పంపడం మొదలుపెట్టారు. వేడి, చలవ రెండూ ఒకే గంటలో ఎక్కడెక్కడ ఖర్చవుతున్నాయో మీటర్లు చెప్పకపోతే అలాంటి ఆలోచన నిలబడదు. కాబట్టి మొదటి డబ్బు మీటర్లకే అడుగు.

మీటర్ చూడాలని సబ్‌స్టేషన్ గదిలోకి ఒక్కదానివే వెళ్లకు. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా బయటే నిలబడు. దీని గురించి వాదించకు.

మొదటి పట్టీ పూర్తవగానే నాకు పంపు. గ్యాస్ పేజీ పైన పెట్టు, ముందు అదే చూస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ